బాల్ పైథాన్ గాజు తొట్టికి ఇంట్లోనే మూత: పాము దాటలేని, గాలి ఆగని పద్ధతి

మీరు చెప్పినదాన్ని బట్టి పరిస్థితి ఇది. కూకట్‌పల్లిలో చివరి అంతస్తు ఫ్లాట్. చేపల షాపులో చేయించిన గాజు తొట్టి, బయటి కొలత 36 × 18 × 18 అంగుళాలు, అద్దం 6 ఎంఎం. లోపల రెండున్నర అడుగుల బాల్ పైథాన్. పైన కిటికీలకు కొట్టే దోమల మెష్ పరిచి, నాలుగు మూలలా లావుపాటి పుస్తకాలు పెట్టారు. పోయిన వారం పొద్దున చూస్తే ఒక పుస్తకం కింద పడి ఉంది, పాము తల, మెడ బయటికి వచ్చి ఉన్నాయి. అప్పటి నుంచి అమ్మగారు ఆ గదిలోకి రావడం లేదు. ఈ సైజుకి రెడీమేడ్ మూత దొరకలేదు, ఇంట్లో చేసుకోవచ్చా, గాలికి ఎంత ఖాళీ వదలాలి అని అడిగారు.

చేసుకోవచ్చు. చెక్క పని ఒక ఆదివారం. ఆ తర్వాత సిలికాన్, పాలిష్ ఆరడానికి ఓ వారం. నేను పదకొండేళ్లుగా పాములు పెంచుతున్నాను, ఇప్పటికి ఏడు మూతలు చేశాను. వాటిలో మొదటి రెండూ తప్పుల తడకలే. ఆ తప్పులు మీరు మళ్లీ చేయకూడదని కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ రాత్రి సంగతి చూడండి. పుస్తకాలు తీసేయండి. తొట్టి మొత్తాన్ని కప్పేలా ఒక 12 ఎంఎం ప్లైవుడ్ ముక్క కోయించి, 5 ఎంఎం డ్రిల్ బిట్‌తో వందకి తక్కువ కాకుండా రంధ్రాలు వేయండి. దాన్ని తొట్టిపై పెట్టి, సూట్‌కేసులకు కట్టే లగేజీ బెల్టులు రెండు తొట్టి అడుగు నుంచి పైదాకా చుట్టి బిగించండి. దీని మీద హీట్ ల్యాంప్, అంటే పాముకి వేడినిచ్చే దీపం, మాత్రం పెట్టకండి. కొత్త మూత వచ్చేదాకా థర్మోస్టాట్ (వేడి హద్దు దాటకుండా ఆపే పరికరం) ఉన్న హీట్ మ్యాట్ తొట్టి అడుగున బయట పెడితే సరిపోతుంది. టేపు జోలికి అసలు పోవద్దు. బ్రౌన్ టేపు, సెల్లో టేపు ఏదైనా సరే, రాత్రి తేమకి అంచు ఊడి లోపలికి వేలాడుతుంది. పాము దానికి అంటుకుంటే పొలుసులతో పాటు చర్మం కూడా లేచి వస్తుంది. ఎప్పుడైనా అలా అంటుకుంటే లాగకండి, వంటనూనె రాసి కాసేపు నాననిచ్చి, మెల్లగా వేలితో విడదీయండి.

ఇంకో మాట కూడా ఇక్కడే అడుగుతాను. రిజిస్ట్రేషన్ చేయించారా? బాల్ పైథాన్ ఆఫ్రికా పాము, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి చేసిన సవరణ, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి జంతువు ఇంట్లో ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. మన కొండచిలువ, జెర్రిపోతు, నాగుపాము లాంటివి ఇంట్లో ఉంచుకోవడమే నేరం. కాగితం చేతిలో ఉంటే రేపు పాము పొరపాటున బయటపడి గొడవైనా మీరు ధైర్యంగా మాట్లాడగలరు.

బయటపడటం అంటే అసలు ప్రమాదం ఎవరికో అమ్మగారికి ఒకసారి చెప్పండి. బాల్ పైథాన్‌కి విషం లేదు, బెదిరితే తల మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది, ఆ పేరు అందుకే వచ్చింది. కానీ లిఫ్ట్ దగ్గరో, మెట్ల మీదో గోధుమ రంగు మచ్చలున్న లావు పాము కనిపిస్తే అపార్ట్‌మెంట్‌లో వాళ్లకి గుర్తొచ్చేది రక్తపింజర. వాచ్‌మన్ కర్ర తెచ్చేదాకా ఎవరూ ఆగరు. మూత గట్టిగా ఉండాలని నేను ఇంతగా పట్టుబట్టేది పాము ప్రాణం కోసం.

ఇప్పుడు పాము ఎలా ఆలోచిస్తుందో చూద్దాం. తల దూరితే ఒళ్లంతా దూరుతుంది, ఇది మొదటి లెక్క. రెండోది, దానికి ఓపిక ఎక్కువ. రాత్రి తొట్టి అంచు వెంబడి ముక్కుతో తడుముకుంటూ తిరుగుతుంది, ఎక్కడైనా మూత వెంట్రుక వాసి కదిలిందనుకోండి, మర్నాడు రాత్రి మళ్లీ అక్కడికే వస్తుంది. ఒళ్లు చుట్టుకుని, మెడ కండరాలతో కింద నుంచి పైకి నెడుతుంది. అందుకే బరువు పెట్టడం పనికిరాదు. బరువు నేరుగా కిందికి నొక్కుతుంది, పాము మాత్రం ఒక మూలని లేపి దాన్ని పక్కకి జరుపుతుంది. మీ పుస్తకం కింద పడింది అలాగే.

నా మొదటి మూతకి చెక్క ఫ్రేమ్ బాగానే చేశాను. మెష్‌ని మాత్రం ఫ్రేమ్ పైవైపు పెట్టి స్టేపుల్ గన్‌తో కొట్టాను, చూడటానికి నున్నగా ఉంటుందని. నెలన్నర గడిచాక జనవరిలో ఒక రాత్రి మూలలో నాలుగు స్టేపుల్స్ ఊడొచ్చాయి. ఆరు రోజులు వెతికాం. మంచాల కింద, షూ ర్యాక్‌లో, వాషింగ్ మెషిన్ వెనక, చివరికి కమోడ్ ట్యాంక్‌లో కూడా చూశాను. ఆరో రోజు ఫ్రిజ్ వెనక కంప్రెసర్ పక్కన దొరికింది, చలికి వెచ్చదనం వెతుక్కుంటూ పోయింది. తల నిండా బూజు, ఒళ్లంతా నీళ్లు తగ్గి ముడతలు. ఆ ముడతలు నాకు ఇంకా కళ్లకి కట్టినట్టే ఉన్నాయి. ఆ రోజు నేర్చుకున్న పాఠం చిన్నదే: మెష్ ఫ్రేమ్‌కి కిందివైపు ఉండాలి. అప్పుడు పాము ఎంత నెట్టినా మెష్ చెక్కకే అదుముకుంటుంది. పైవైపు ఉంటే అది నెట్టిన ప్రతిసారీ స్టేపుల్స్ కొంచెం కొంచెం లేస్తూ ఉంటాయి.

మీ తొట్టికి ఉన్న చిక్కు, అద్దానికి స్క్రూ వేయలేం. కాబట్టి మూత కంటే ముందు తొట్టి పై అంచు చుట్టూ ఒక చెక్క పట్టీ శాశ్వతంగా అతికించాలి. రెండు అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉన్న టేకు రీపర్లు తీసుకోండి. పైన్, దేవదారు లాంటి వాసన చెక్కలు వద్దు, ఆ నూనెల ఆవిరి పాములకి మంచిది కాదు. రీపర్ పై అంచు అద్దం పై అంచుతో సమానంగా ఉండాలి. అతికించే వైపు ముందే పాలిష్ వేసి ఆరనిచ్చి, అద్దాన్ని స్పిరిట్‌తో తుడిచి, రంగులేని సిలికాన్ ఉదారంగా పూసి అతికించండి. మూలల్లో రీపర్లని ఒకదానికొకటి స్క్రూలతో బిగిస్తే అదొక చట్రం అవుతుంది, అద్దం మీదే భారం పడదు. సిలికాన్ కొనేటప్పుడు బాత్రూమ్‌కి వాడే బూజు మందు కలిపిన రకం వద్దు, అక్వేరియంకి వాడేదే అడగండి. అతికించాక రెండు రోజులు కదపకండి. ఆ పుల్లటి వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా పాము లోపల ఉండకూడదు. అంటే ఈ పని నడిచేటన్ని రోజులు దాన్ని లాక్ ఉన్న ప్లాస్టిక్ డబ్బాకి రంధ్రాలు వేసి అందులో ఉంచాలి.

ఇక మూత. చుట్టూ రీపర్ వచ్చాక బయటి కొలత 37.5 × 19.5 అంగుళాలు అవుతుంది, మూత ఫ్రేమ్ అదే కొలత. ఐఎస్ 710 ముద్ర ఉన్న (నీళ్లకి తట్టుకునే మెరైన్ రకం) 12 ఎంఎం ప్లైవుడ్ తీసుకోండి, వర్షాకాలం తేమకి పొరలు విడిపోదు. నాలుగు వైపులా రెండున్నర అంగుళాల వెడల్పు వదిలి మధ్యలో కోయించి, ఎడమ వైపు నుంచి పదిన్నర అంగుళాల ఖాళీ తర్వాత రెండు అంగుళాల అడ్డపట్టీ ఉంచండి. అప్పుడు మీకు రెండు కిటికీలు వస్తాయి: ఎడమది 10.5 × 14.5, కుడిది 20 × 14.5. ఎడమది దీపానికి. కుడిది గాలికి, తేమకి.

కింద నుంచి 34.5 × 16.5 అంగుళాల మెష్ ఒకే ముక్కగా వేయండి. రెండు ముక్కలు వేస్తే మధ్యలో ఇంకో అంచు తయారవుతుంది. మెష్ విషయంలో డబ్బులకి వెనకాడొద్దు. ఫైబర్ దోమల మెష్ దీపం వేడికి కరుగుతుంది, గట్టిగా నెడితే చిరుగుతుంది. కోళ్ల జాలీ ఇంకా ప్రమాదం, ఆ కన్నాల్లో ముక్కు ఇరుక్కుంటుంది. జీఐ (జింక్ పూత ఇనుము) జాలీ కోసిన చోటల్లా తుప్పు పడుతుంది. 304 గ్రేడ్ స్టీల్ మెష్ తీసుకోండి. మీ పాముకి 6 ఎంఎం కన్నం చాలు. రేపు పిల్ల కార్న్ స్నేక్ తెచ్చే ఆలోచన ఉంటే మాత్రం 3 ఎంఎం వేయండి, అవి పుట్టినప్పుడు పెన్సిల్ అంత లావే ఉంటాయి. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో అడిగి చూడండి. కొనే ముందు అరచేతి వెనకవైపు మెష్ మీద రుద్దండి. చేతికి గీరుకుంటే పాము ముక్కుకీ గీరుకుంటుంది.

కోసిన తీగ కొసలు సూదుల్లా ఉంటాయి. వాటిని ఆకురాయితో అరగదీసి, పైన బీడింగ్ పట్టీ (సన్నటి చెక్క పట్టీ) పెట్టి, మూడు అంగుళాలకో స్క్రూ చొప్పున వాషర్‌తో బిగించండి. స్టేపుల్స్ వద్దు. ఒక చూపు తొట్టి లోపలి అంచు మీద కూడా వేయండి. చేపల తొట్లకి బలం కోసం పొడవునా అద్దం పట్టీ అతికిస్తారు. అది పై అంచుకి సమానంగా ఉంటే మీ బీడింగ్ దానికి తగిలి మూత సరిగ్గా కూర్చోదు. అలా ఉంటే వడ్రంగి చేత ఫ్రేమ్ కింద గాడి తీయించి మెష్, బీడింగ్ రెండూ అందులో కూర్చునేలా చేయించండి.

వెనక రీపర్‌కి మూడు కబ్జాలు, ముందు మూడు గొళ్లాలు. రెండు చాలవా అంటే చాలవు. మూడు అడుగుల పొడవు ప్లైవుడ్ మధ్యలో కొద్దిగా వంగుతుంది, ఆ వంపే పాముకి దారి. గొళ్లాల్లో ఒకటి సరిగ్గా మధ్యలో, మిగతా రెండు మూలల నుంచి మూడేసి అంగుళాల దూరంలో. అయస్కాంతం క్యాచర్లు, వెల్క్రో ఏవీ వద్దు. మధ్య గొళ్లేనికి చిన్న తాళం వేయండి. తాళం పాము కోసం కాదు, ఇంటికొచ్చే చుట్టాల పిల్లల కోసం. తాళంచెవి ఎక్కడుందో అమ్మగారికి కూడా తెలియాలి, మీరు ఊళ్లో లేనప్పుడు దీపం కాలిందో, వాసన వచ్చిందో ఎవరో ఒకరు తెరవగలగాలి.

గాలి గురించి మీరు అడిగిన ప్రశ్న అన్నిటికంటే మంచి ప్రశ్న. విదేశాల వాళ్లు రాసే కొలతలు మనకి నేరుగా సరిపోవు. హైదరాబాద్‌లో ఒకే తొట్టికి ఏడాదిలో మూడు రకాల వాతావరణం చూపించాలి. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గాలి ఎండుటాకులా ఉంటుంది, మొత్తం మెష్ మూత వేస్తే పొద్దున పోసిన తేమ మధ్యాహ్నానికి పోతుంది. జులై, ఆగస్టులో అదే గాలి చెమ్మగా ఉంటుంది, మూత సగం మూసినా అడుగు మట్టి బూజు పడుతుంది. డిసెంబర్, జనవరి రాత్రుల్లో చలి. బాల్ పైథాన్‌కి తేమ 55 నుంచి 70 శాతం మధ్య ఉండాలి, వెచ్చటి వైపు 31–32 డిగ్రీలు, చల్లటి వైపు 25–27. ఒకే ఖాళీతో ఈ మూడు కాలాలూ గడవవు. అందుకే మార్చుకోగలిగే మూత కావాలి.

కుడివైపు కిటికీ పైన పెట్టడానికి 4 ఎంఎం అక్రిలిక్ రెండు ముక్కలు చేయించండి. సైన్‌బోర్డులు చేసే దుకాణంలో తుక్కు ముక్కలే దొరుకుతాయి. ఇవి జారే తలుపులు కాదు, ఎత్తి తీసేవి. మూలల్లో చిన్న చెక్క బొడిపెలు కొడితే కదలవు. భద్రత అంతా కింద మెష్ చూసుకుంటుంది, అక్రిలిక్‌కి తేమ ఆపే పని ఒక్కటే. ఎండాకాలం రెండు ముక్కలూ పెట్టండి, అప్పుడు దీపం వైపు కిటికీ, అంటే మొత్తం ఖాళీలో మూడో వంతు తెరిచి ఉంటుంది. చలికాలం ఒక్క ముక్క. వానాకాలం రెండూ తీసేయండి. కూలర్ పెట్టే గది అయితే ఎండాకాలమైనా ఒక ముక్క తీయాల్సి వస్తుంది. తేమ మీటర్ చూసి నిర్ణయించుకోండి, క్యాలెండర్ చూసి కాదు.

రెండు ముక్కలూ పెట్టినప్పుడు కూడా కుడి చివర అరంగుళం సందు వదలండి. తొట్టికి గాలి పోయే దారి పైనే ఉంది, పక్కన కిటికీలు లేవు. దీపం వైపు వేడెక్కిన గాలి పైకి పోతుంది, దాని చోటుకి చల్లగాలి ఇంకో వైపు నుంచి రావాలి. ఆ అరంగుళం సందు ఆ పని చేస్తుంది. పాము లేనప్పుడు దీపం వెలిగించి అరగంట ఆగి, వెలుగుతున్న అగరుబత్తిని ఆ సందు దగ్గర పట్టుకోండి. పొగ సన్నటి దారంలా వంగి లోపలికి దిగుతుంది, కొంచెం సేపటికి దీపం వైపు నుంచి పైకి లేస్తుంది. నా మూడో మూతకి ఇది చూసినప్పుడు మా అబ్బాయిని కూడా పిలిచి చూపించాను. పొగ దిగకపోతే సందు చాలలేదని లెక్క. ఆ తర్వాత మూత తీసి పొగ వాసన పోయేదాకా వదిలేయండి. పాము లోపల ఉన్న గదిలో అగరుబత్తి, ధూపం, దోమల కాయిల్, రూమ్ స్ప్రే ఏవీ వద్దు. పెస్ట్ కంట్రోల్ వాళ్లు వచ్చే రోజు తొట్టి మొత్తాన్ని ఇంకో ఇంటికి మార్చాల్సిందే.

గాలి చాలుతోందో లేదో పామే చెప్తుంది. పొద్దున అద్దం నాలుగు వైపులా ఆవిరి బొట్లు, మూత తీయగానే ముక్కిన వాసన ఉంటే ఒక అక్రిలిక్ ముక్క తీసేయండి. పాము నోరు తెరిచి ఊపిరి తీయడం, ముక్కు దగ్గర బుడగలు రావడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతోంటే తేమ తగ్గిందని.

దీపం ఎప్పుడూ తొట్టి బయటే. లోపల పెడితే పాము దానికి చుట్టుకుంటుంది, ఒళ్లు కాలుతున్నా త్వరగా పక్కకి రాదు. పింగాణీ హోల్డర్ వాడండి, ప్లాస్టిక్ హోల్డర్ మెత్తబడుతుంది. దీపాన్ని మెష్ మీద ఆనించకుండా స్టాండ్‌కి నాలుగంగుళాల ఎత్తున వేలాడదీయండి. ఎందుకంటే మెష్ కాలితే ముక్కుతో తడిమే పాముకి కాలుతుంది. గంట వెలిగాక మెష్‌ని వేలితో తాకి చూడండి, వేలు నిలవకపోతే ఇంకా పైకి లేపండి. థర్మోస్టాట్ లేకుండా దీపం వద్దు, ఇందులో బేరం లేదు. దాని సెన్సర్ తీగ కోసం ఫ్రేమ్‌లో తీగ మందానికి సరిపడా రంధ్రం వేసి, మిగిలిన సందు సిలికాన్‌తో పూడ్చండి. తీగని మూత సందులోంచి దూర్చేస్తే ఆ సందే తెరుచుకుంటుంది.

చివరి అంతస్తు అన్నారు కాబట్టి ఒక నిజం చెప్పాలి. ఎంత మంచి మూతైనా తొట్టిని గది కంటే చల్లగా చేయలేదు. మే నెలలో స్లాబ్ వేడికి గది 36, 37 డిగ్రీలకి చేరితే దీపం ఆపడం ఒక్కటే చాలదు, తొట్టిని ఇంట్లో చల్లటి గదికి, ఎండ తగలని గోడ పక్కకి మార్చండి. నేను ఆ రెండు నెలలూ నా తొట్టిని హాల్లోంచి వంటింటి పక్క స్టోర్ రూమ్‌లోకి తెస్తాను.

చెక్కకి నీళ్లలో కలిసే పాలియురెథేన్ పాలిష్ రెండు పూతలు వేయండి, ముఖ్యంగా కోసిన అంచులకి. వాసన పూర్తిగా పోవాలి, ఎండాకాలం వారం, వానాకాలం పది రోజులైనా ఆగండి.

పాముని లోపల పెట్టే ముందు రెండు పరీక్షలు. రాత్రి గదిలో లైట్లన్నీ ఆపి, ఫోన్ టార్చ్ వెలిగించి తొట్టిలో పెట్టి మూత వేయండి. అక్రిలిక్ ముక్కలు పెట్టి, మెష్ కిటికీల మీద దుప్పటి కప్పండి. ఇప్పుడు అంచు వెంబడి ఎక్కడ వెలుగు గీత కనిపిస్తే అక్కడ సందు ఉన్నట్టు. రెండోది, గొళ్లాలన్నీ వేసి ఒక్కో మూలా పట్టుకుని పైకి లాగుతూ, ఇంకో చేత్తో పోస్ట్‌కార్డు దూర్చడానికి ప్రయత్నించండి. కార్డు దూరితే ఆ మూల దగ్గర గొళ్లెం జరపండి, లేదా రీపర్ మీద పలుచటి రబ్బరు పట్టీ అతికించండి.

అమ్మగారికి ఈ పోస్ట్‌కార్డు పరీక్ష మీరే చేసి చూపించకండి, కార్డు ఆవిడ చేతికే ఇవ్వండి. మా ఇంట్లో అలాగే మా అమ్మకి భయం తగ్గింది. ఇప్పుడు రాత్రి పడుకునే ముందు మూడు గొళ్లాలూ సరిగా ఉన్నాయో లేదో తనే చూసి వస్తుంది.

పాముని పెట్టిన మొదటి రాత్రి పది, పదకొండు దాకా చీకట్లో కూర్చుని చూడండి. అంచు వెంబడి తిరుగుతూ ఎక్కడ ఎక్కువసేపు ఆగుతుందో, ఎక్కడ ముక్కు ఆనించి నెడుతుందో గమనించి, బయటి నుంచి ఆ చోట చిన్న స్టిక్కర్ అంటించండి. వారం తర్వాత కూడా అక్కడే నెడుతుంటే దాక్కునే గూడు చాలట్లేదేమో, వేడి తేడా ఉందేమో చూడండి, స్థిరపడిన పాము రోజూ మూత మీద పడదు. పొద్దున లేవగానే ఆ స్టిక్కర్ దగ్గర స్క్రూలు ఇంకోసారి బిగించండి. కొలతలు మీ తొట్టికి తేడాగా ఉంటే లోపలి అద్దం పట్టీ ఫోటోతో సహా పంపండి, గాడి ఎక్కడ తీయాలో గీసి చూపిస్తాను.